బల్లికీ చేపల తొట్టెకీ ఏమిటి సంబంధం?

"బల్లిని డబ్బులిచ్చి కొన్నావా?" ఫోన్లో మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇది. కాస్త ఆగి, "దానికి ఇల్లు కూడా కొన్నావా?" అంది. ఆ రెండో ప్రశ్నలో ఉన్న వెటకారం అప్పుడు నాకు అర్థం కాలేదు. మన ఇళ్ళలో బల్లి అద్దె కట్టదు, అనుమతి అడగదు. గోడ గడియారం వెనక ఒకటి, ట్యూబ్‌లైటు పక్కన ఒకటి ఉండనే ఉంటాయి. మీద పడితే తలంటు పోసుకోవడం, కంచికి వెళ్ళినప్పుడు బంగారు బల్లిని తాకి రావడం, అంతకుమించి వాటితో మనకి సంబంధం లేదు.

కొన్నది మా అమ్మాయి ఏడో పుట్టినరోజుకి. మేం ఉండేది డాలస్ దగ్గర. జానెడు పొడవు, లేత ఆకుపచ్చ రంగు, గొంతు కింద గులాబీరంగు తిత్తిని విసనకర్రలా విప్పి మూసే జాతి. గ్రీన్ ఎనోల్ అంటారు. (నిజానికి ఇది మన బల్లికన్నా తొండకి దగ్గర చుట్టం. మనం బల్లి, తొండ, ఊసరవెల్లి, ఉడుము, నలికండ్లపాము అని విడివిడిగా చెప్పేవన్నీ ఇంగ్లీషువాడికి లిజర్డే. ఇక్కడ నేను కూడా వాడి దారిలోనే వెళ్ళి అన్నిటినీ బల్లులనే అంటాను, క్షమించాలి.) మా పెరటి కంచె మీద ఎండ కాచుకునేవీ ఇవే. బల్లి ఖరీదు పది డాలర్ల లోపు. దాని ఇంటి ఖరీదు అందుకు ఆరు రెట్లు. పది గేలన్ల గాజు తొట్టె, పైన జల్లెడ మూత, ఒక బల్బు, ఒక ప్లాస్టిక్ తీగ, అన్నీ కలిపి ఒకే డబ్బాలో అమ్మారు. ఎండ బాగా తగులుతుందని కిటికీ దగ్గర పెట్టాం. నాలుగో నెలలో అది ఎగరడం మానేసింది. తర్వాత దవడ మెత్తబడి నోరు సరిగ్గా మూతపడలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఎముకల జబ్బు, కాల్షియం ఒంటికి పట్టలేదు అన్నారు. "కిటికీ దగ్గరే పెట్టాం కదండీ, రోజూ ఎండ తగిలేది" అన్నాను. "గాజులోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు" అన్నారావిడ.

వారం తిరక్కుండానే అది పోయింది. పెరట్లో పాతిపెట్టాం. అమ్మాయి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకు మాత్రం డాక్టరు అన్న ఆ ఒక్క ముక్కే బుర్రలో తిరుగుతూ ఉండిపోయింది. గాజులోంచి వచ్చే ఎండ పనికిరానప్పుడు, బల్లిని గాజుపెట్టెలో పెట్టాలని అసలు ఎవరు నిర్ణయించారు? ఆ పెట్టె పొడవు 20 అంగుళాలు, వెడల్పు 10, ఎత్తు 12. ఈ కొలతలు ఏ బల్లిని అడిగి తీసుకున్నారు?

మన భాషలో చెప్పాలంటే ఇది లెగసీ సిస్టం. ఎవరో, ఎప్పుడో, వేరే క్లయింటు కోసం కట్టారు. తర్వాతి వాళ్ళు డాక్యుమెంటేషన్ చదవకుండా దాని మీదే కట్టుకుంటూ పోయారు. తవ్వుకుంటూ వెళితే మొదటి క్లయింటు చేప కూడా కాదని తేలింది. ఒక ఫెర్న్ మొక్క!

లండన్ తూర్పు పేటల్లో నథానియల్ బాగ్‌షా వార్డ్ అని ఒక డాక్టరు ఉండేవాడు. మొక్కల పిచ్చి. పెరట్లో ఫెర్న్‌లు పెంచుదామంటే బొగ్గు పొగకి అన్నీ చచ్చేవి. 1829లో ఆయన ఒక చిలక పురుగు గూటిని తడిమట్టిలో పెట్టి, గాజుసీసాలో ఉంచి మూత పెట్టాడు. పురుగు సంగతి పక్కన పెడితే ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్, ఒక గడ్డిమొక్క మొలిచాయి. బయటి పొగ లోపలికి రాదు, లోపలి తడి బయటికి పోదు. పగలు ఆవిరయిన నీళ్ళు రాత్రికి గాజు మీద చెమ్మలా పట్టి మళ్ళీ మట్టిలోకే జారతాయి. 1833లో ఇలాంటి పెట్టెల్లో మొక్కలు సర్ది ఓడలో సిడ్నీకి పంపితే నెలల ప్రయాణం తర్వాత కూడా బతికే ఉన్నాయి. 1842లో దీని మీద పుస్తకం రాశాడు. వార్డియన్ కేసు అనే పేరు అలా నిలిచిపోయింది.

ఆ పెట్టె మన చరిత్రనీ కదిపింది. రాబర్ట్ ఫార్చూన్ చైనా నుంచి తేయాకు మొక్కల్ని హిమాలయాల పాదాలకి చేర్చింది ఇందులోనే. అయితే నా కథకి కావలసింది తేయాకు కాదు, సింకోనా. మలేరియాకి వాడే క్వినైన్ ఈ చెట్టు బెరడు నుంచే వస్తుంది. 1860లో క్లెమెంట్స్ మార్కమ్ పెరూలో సేకరించిన సింకోనా మొక్కల్ని గాజుపెట్టెల్లో పెట్టి ఊటీకి పంపాడు. దారిలో ఎర్ర సముద్రం. ఆ వేడికి మొక్కలు ఉడికిపోయాయి. ఊటీకి చేరినవాటిలో కూడా ఏవీ నిలవలేదు. (తర్వాత వేరే దారుల్లో వచ్చిన మొక్కలూ విత్తనాలతోనే నీలగిరి తోటలు లేచాయి.) మూసిన గాజుపెట్టె మీద ఎండ పడితే ఏమవుతుందో అప్పుడే, సర్కారు ఖర్చుతో, తెలిసిపోయిందన్నమాట. ఆ పాఠం బల్లుల దాకా రావడానికి ఇంకో 60, 70 ఏళ్ళు పట్టింది.

ఇంగ్లండులో గాజు మీద పన్ను 1845లో ఎత్తేశారు. గాజు చవకైంది. 1851లో ఏకంగా గాజు భవనమే కట్టి ప్రపంచ ప్రదర్శన పెట్టారు. మధ్యతరగతి ముందు గదుల్లోకి ఫెర్న్ పెట్టెలు వచ్చాయి. ఆ పెట్టెలోనే నీళ్ళు నింపి చేపల్ని వేస్తే అక్వేరియం. 1853లో లండన్ జూ చేపల ఇల్లు తెరిచింది. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ అక్వేరియం మీద పుస్తకం రాశాడు, ఇక ఆ పిచ్చి ఊరూరా పాకింది. పాములకీ బల్లులకీ ప్రత్యేకంగా ఇల్లు కట్టిన మొదటి జూ కూడా అదే, 1849లో. అక్కడా ముందు వైపు గాజు పలకే. ఎందుకంటారా? జనం చూడాలి, పాము కరవకూడదు. అంతే స్పెసిఫికేషన్. ఆ రెండింటిలో రెండోది కూడా పూర్తిగా నెరవేరలేదు పాపం. 1852లో ఒక కాపలాదారు మందెక్కువై, నాగుపామును చేత్తో పట్టుకుని పరాచికాలాడి, ముఖం మీద కాటు తిని పోయాడు. ఎంత మందం గాజు పెట్టినా తలుపు తాళంచెవి మనిషి దగ్గరే ఉంటుంది కదా.

ఇళ్ళలో బల్లుల్ని పెంచడం ఒక పద్ధతిగా మొదలైంది మాత్రం జర్మనీలో. 1884లో యోహాన్ ఫాన్ ఫిషర్ అనే ఆయన టెరేరియం మీద ఒక పెద్ద పుస్తకం ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు వేయించాడు. 'అక్వా' తీసేసి 'టెరా' పెట్టారు, నీటి పెట్టె కాస్తా నేల పెట్టె అయింది. పేరు మారింది కానీ పెట్టె మారలేదు. 1897లో ఇంగ్లీషులో గ్రెగరీ బేట్‌మన్ అనే మతాచార్యుడు 'ది వైవేరియమ్' రాశాడు. చలిదేశాలు కాబట్టి అప్పటి పెట్టెలకి వేడి కావాలి. పెట్టె అడుగున నీళ్ళ తొట్టి, దాని కింద దీపం. అంటే వేడి కింది నుంచి వస్తుంది. అన్నం ఉడకడానికి ఆ పద్ధతి బాగానే ఉంటుంది. బయట బండ మీద ఎండ కాచుకునే జంతువుకి వేడి పై నుంచి, వెలుతురుతో కలిసి వస్తుంది. ఈ 'అడుగు మంట' డిజైన్ ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, వందేళ్ళ తర్వాత 1980ల్లో కూడా 'హాట్ రాక్' అని కరెంటుతో వేడెక్కే రాళ్ళు అమ్మారు. వాటి మీద పడుకుని పొట్ట కాలిన బల్లులు లెక్కలేనన్ని.

ఇదే రోజుల్లో అమెరికాలో నా పచ్చ బల్లి పూర్వీకులకి ఆ పెట్టె భాగ్యం కూడా లేదు. 1890ల్లో సర్కస్‌ల దగ్గరా సంతల్లోనూ వీటిని 'ఊసరవెల్లి' అని అబద్ధం చెప్పి అమ్మేవారు. మెడకో సన్న గొలుసు, గొలుసు చివర పిన్ను. ఆ పిన్నుని కోటుకో జాకెట్టుకో గుచ్చుకుంటే బతికున్న నగ అన్నమాట! రంగు మారుతుంది కాబట్టి మరీ ముచ్చట. చక్కెర నీళ్ళు పోస్తే చాలని చెప్పి అంటగట్టేవారు. అది పురుగులు తినే జీవి. కొన్నవాళ్ళు పదో రోజుకి ఇంకోటి కొనుక్కోవాల్సిందే. 20వ శతాబ్దం మధ్యలో కూడా పిల్లల కామిక్సు పుస్తకాల వెనక అట్టల మీద పోస్టులో పంపే 'ఊసరవెల్లుల' ప్రకటనలు వచ్చేవి. ఎందుకు చస్తోందని ఎవరూ అడగలేదు, ఎందుకంటే చవక. ఈ వాక్యం రాస్తుంటే నా పది డాలర్లు గుర్తొచ్చి కాస్త సిగ్గుగానే ఉంది.

ఇక అసలు సంగతికి, అంటే వెలుతురుకి వద్దాం. దీనికి బల్లుల్ని వదిలి కాసేపు పిల్లల దగ్గరికి వెళ్ళాలి.

వార్డ్ ఫెర్న్‌లని చంపిన పొగే లండన్ పిల్లల కాళ్ళనీ వంకర చేసింది. రికెట్స్. యూరప్‌లో దాన్ని 'ఇంగ్లీషు జబ్బు' అనేవారు. 1890లో థియోబాల్డ్ పామ్ అనే డాక్టరు, ఆయన జపాన్‌లో పనిచేసి వచ్చినవాడు, వేర్వేరు దేశాల నుంచి వివరాలు తెప్పించి చూస్తే ఎండ బాగా ఉన్న చోట, ఎంత పేదరికం ఉన్నా, ఈ జబ్బు అరుదుగా ఉంది. ఎండే మందు అన్నాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1919లో బెర్లిన్‌లో కర్ట్ హుల్ద్‌షిన్‌స్కీ నలుగురు రికెట్స్ పిల్లల్ని పాదరసపు ఆవిరి దీపం కింద పెట్టి నయం చేసి చూపించాడు. ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది, నాకు మొత్తం కథలో అదే ముఖ్యం. ఆ దీపం బుడ్డి మామూలు గాజు కాదు, క్వార్ట్‌జ్. మామూలు గాజయితే పని చేసే కిరణాలు బయటికే రావు.

ఎందుకో కొంచెం చెబుతాను. చర్మంలో కొలెస్టరాల్‌కి దగ్గర బంధువైన ఒక పదార్థం ఉంటుంది. దాని మీద అతినీలలోహిత కిరణాల్లో 'బి' అనే పట్టీ, సుమారుగా 290 నుంచి 315 నానోమీటర్ల మధ్యది, పడితే అది విటమిన్ డి3కి ముందు రూపంగా మారుతుంది. ఆ ముందు రూపం ఒంటి వేడికి నెమ్మదిగా డి3 అవుతుంది. అంటే రెండు మెట్లు. మొదటిదానికి వెలుతురు కావాలి, రెండోదానికి వేడి కావాలి. మనకి ఒంటి వేడి ఎప్పుడూ 37 దగ్గరే ఉంటుంది కాబట్టి రెండో మెట్టు సంగతి ఆలోచించం. బల్లికి ఆ వేడి కూడా బయటినుంచే రావాలి. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, శరీరం ఎముకల్లోంచి లాక్కుంటుంది, దవడ మెత్తబడుతుంది. కిటికీ గాజు ఈ 'బి' కిరణాల్ని దాదాపు మొత్తం ఆపేసి, వేడిని మాత్రం లోపలికి వదులుతుంది. కావలసింది ఆపి అక్కర్లేనిది పంపించే ఫైర్‌వాల్ అది. అదృష్టం బాగుండి నా తొట్టె ఆ వేడికి ఉడకలేదు కానీ, అందులో బల్లికి అందాల్సింది అందలేదు.

ఈ రెండు ముక్కల్నీ కలిపి మొదటిసారి బల్లికి ఇల్లు కట్టిన మనిషి జోన్ బోషాంప్ ప్రాక్టర్. నన్నడిగితే ఈవిడ మీద ఒక సినిమా తియ్యాలి. 1897లో లండన్‌లో పుట్టింది. చిన్నప్పటి నుంచీ పేగుల జబ్బు, ఎప్పుడూ నొప్పే. కాలేజీ చదువు సాగలేదు. పదహారేళ్ళకి పెంపుడు మొసలి పిల్లని లెక్కల క్లాసుకి పట్టుకెళ్ళిందట! బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ బూలెంజర్ అనే మహా పండితుడి దగ్గర పని నేర్చుకుని, ఆయన రిటైరయ్యాక ఆ విభాగం చూసింది. 1923లో లండన్ జూలో సరీసృపాల క్యూరేటర్ అయింది. అప్పటికి 26 ఏళ్ళు.

జూ కొత్త సరీసృపాల ఇంటిని వాస్తుశిల్పి గై డాబర్‌తో కలిసి ఆవిడే రూపొందించింది. 1927లో తెరిచారు. ఏం చేసిందో చూడండి. జనం నిలబడే చోటు చీకటి, బోనుల్లో వెలుతురు. అది చూసేవాళ్ళ కోసం. మిగతావన్నీ లోపలి వాటి కోసం. వేడి కరెంటుది, ఒకే బోనులో ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ ఉండేలా. ఎటు కావాలంటే అటు జంతువే జరుగుతుంది. పైన 'వైటా గ్లాస్' అని ఆ రోజుల్లోనే కొత్తగా వచ్చిన, అతినీలలోహిత కిరణాల్ని వదిలే గాజు. చలికాలం కోసం ప్రత్యేక దీపాలు. పిల్లల డాక్టర్లు కనిపెట్టినదాన్ని పదేళ్ళు తిరక్కుండా బల్లులకి వాడేసింది. అదే ఏడు వచ్చిన కొమొడో డ్రాగన్లలో ఒకటి, సుంబావా అని పేరు, ఆవిడ వెంట కుక్కపిల్లలా తిరిగేది. 1931లో, 34 ఏళ్ళకే, ఆవిడ చనిపోయింది.

మరి ఇంత చక్కటి డిజైన్ 1927లోనే ఉంటే, దాదాపు వందేళ్ళ తర్వాత నాకు అమ్మిన పెట్టె అలా ఎందుకుంది?

నాకు కనిపించిన కారణం ఒకటే. ప్రాక్టర్ కట్టింది భవనం. దుకాణానికి కావలసింది డబ్బా. అమెరికాలో 1960ల దాకా చేపల తొట్టెలంటే లోహపు చట్రం, మధ్యలో గాజు, అంచులకి లప్పం. తర్వాత సిలికోన్ జిగురు వచ్చింది, చట్రంతో పని లేకుండా గాజుకి గాజు అంటించేస్తే సరి. పది గేలన్ల తొట్టె పప్పుబెల్లాలంత చవకయింది. నీళ్ళు కారే తొట్టె పారెయ్యకుండా బల్లికి ఇవ్వడం ఇళ్ళలో మామూలే. దుకాణంవాళ్ళూ అదే తొట్టెకి జల్లెడ మూత పెట్టి ఇంకో అరలో సర్దారు. నీళ్ళ బరువుకి నిలవడానికి పొడవుగా, పొట్టిగా, నాలుగు వైపులా బిగించి కట్టిన తొట్టె అది. పచ్చ బల్లి చెట్టెక్కే జీవి, దానికి కావలసింది ఎత్తు. పైగా తొట్టె మూత తీసి పై నుంచి చెయ్యి పెట్టాలి. చిన్న జంతువుకి పై నుంచి వచ్చేదేదైనా గద్దే. రోజూ మూడు పూటలా ఇంట్లోకి గద్ద వస్తుంటే అది ఏం తింటుంది, ఏం నిద్రపోతుంది?

ఈలోగా బల్లిని అడిగే పని సైంటిస్టులు చేశారు. 1944లో రేమండ్ కౌల్స్, ఆయన శిష్యుడు చార్లెస్ బోగర్ట్ కాలిఫోర్నియా ఎడారిలో చేసిన కొలతలు ప్రచురించారు. అప్పటిదాకా 'చల్లని రక్తం' అంటే గాలి ఎంతుంటే ఒళ్ళూ అంతే అనుకునేవారు. వీళ్ళు బల్లులకి థర్మామీటర్ పెట్టి చూస్తే, తిరుగుతున్న బల్లి తన ఒంటి వేడిని కొద్ది డిగ్రీల తేడాలో పట్టి ఉంచుకుంటోంది. ఎలా? ఎండలోకి, నీడలోకి జరుగుతూ. నీడ దొరక్కుండా ఎండలో కట్టేస్తే నిమిషాల్లో చచ్చిపోయింది. ఎడారి బల్లి! దానికి నచ్చే వేడికీ దాన్ని చంపే వేడికీ మధ్య ఉన్నది కొద్ది డిగ్రీలే. 1954లో ఆలివర్ పియర్సన్ పెరూ కొండల మీద, 4,000 మీటర్ల పైన, గాలి గడ్డకట్టేంత చల్లగా ఉన్నప్పుడు కూడా ఎండ కాచుకుంటున్న చిన్న బల్లి ఒంట్లో 30 డిగ్రీలకి పైగా వేడి ఉండడం చూశాడు.

దీన్ని మించిన డెమో మన ఇళ్ళలోనే ఉంది, మనం చూడలేదంతే. ట్యూబ్‌లైటు దగ్గర పురుగులు, గడియారం వెనక ఇరుకు చీకటి, వంటింటి గోడ వెచ్చదనం, స్నానాలగది తడి. ఏ గంటకి ఏది కావాలో బల్లి తనే వెళ్ళి తీసుకుంటుంది. ఇల్లంతా దాని టెరేరియం. బల్లికి ఇల్లు కొన్నావా అని అమ్మ నవ్వింది అందుకే కాబోలు.

20 అంగుళాల తొట్టెలో అన్ని వేడులు పట్టవు. పెట్టె సైజు గురించి వాదించుకునేవాళ్ళు చాలామంది దాన్ని దయ, జాలి లెక్కన మాట్లాడతారు. నాకైతే అది ఫిజిక్సు లెక్క. ఒక చివర 31 డిగ్రీలు, రెండో చివర 24 ఉండాలంటే ఆ రెండు చివర్ల మధ్య దూరం కావాలి. బుల్లి పెట్టెలో బల్బు వెలిగిస్తే కాసేపటికి అంతా ఒకటే వేడి. బల్లి జరిగే దిక్కు ఉండదు.

దీపాల కథ ఇంకా ఆలస్యం. సూర్యకాంతికి దగ్గరగా ఉండే ట్యూబ్‌లైట్లు 1960ల చివర్లో వచ్చాయి, జూల వాళ్ళు వాడి చూశారు. ఇళ్ళలో పెంచేవాళ్ళ కోసమని 'బి' కిరణాల ట్యూబులు దుకాణాల్లోకి వచ్చింది 1993 ప్రాంతంలో. అదే ఏడు 'జురాసిక్ పార్క్' వచ్చింది, పిల్లలందరికీ ఇంట్లో ఓ బుల్లి డైనోసార్ కావాల్సి వచ్చింది. ఇగువానాలు ఓడలకొద్దీ దిగాయి. తొట్టెలు అవే తొట్టెలు. ఎముకల జబ్బు పశువైద్యులకి రోజువారీ కేసయింది.

ఎంత 'బి' కావాలన్న ప్రశ్నకి అంకెలతో జవాబు 2010లో వచ్చింది. గ్యారీ ఫెర్గూసన్ బృందం అమెరికా ఖండపు బల్లులూ పాములూ బయట తమంతట తాము ఎంత కిరణాల్లో గడుపుతాయో కొలిచి, వాటిని నాలుగు జోన్లుగా విడగొట్టింది. ఎక్కువగా నీడలో ఉండేవి ఒకటో జోను, మిట్టమధ్యాహ్నం బండ మీద ఉండేవి నాలుగు. 2016లో ఫ్రాన్సెస్ బెయిన్స్, ఆవిడతోపాటు జూల వాళ్ళు 254 జాతులకి ఈ పట్టిక తయారు చేశారు. రాత్రిపూట తిరిగే లెపర్డ్ గెకోలకి (అసలు సిసలు బల్లి, మన వాయవ్య సరిహద్దుల వైపుది) ఈ కిరణాలు అక్కర్లేదని చాలాకాలం అనుకున్నారు. అలా అనుకోవడం సొరుగుల బీరువాలో ఒక్కో ప్లాస్టిక్ డబ్బాలో ఒక్కోదాన్ని పెంచేవాళ్ళకి చాలా వీలుగా ఉండేది. 2018లో వాటి మీద రోజుకి రెండు గంటల చొప్పున నెలరోజులు కిరణాలు పడనిస్తే రక్తంలో విటమిన్ డి పెరిగింది. మనకి వీలుగా ఉన్న నమ్మకాలు ఆలస్యంగా పోతాయి మరి.

ఇదంతా చదివాక నా తప్పుల జాబితా తేలిగ్గానే తయారైంది. కిట్‌లో వచ్చిన బల్బు వేడి ఇచ్చేదే తప్ప 'బి' ఇచ్చేది కాదు. కిటికీ గాజు ఒకటి, తొట్టె గాజు ఒకటి, రెండు గోడలు దాటి దానికి చేరిన ఎండలో ఏమీ మిగల్లేదు. సరైన దీపం పెట్టినా జల్లెడ మూతే మూడో వంతు దాకా తినేస్తుందట. దీపం పాతబడ్డాక వెలుగుతూనే ఉంటుంది కానీ 'బి' తగ్గిపోతుంది, కంటికి తెలియదు. సర్వర్ పింగ్‌కి జవాబిస్తోంది కదా అని సర్వీసు నడుస్తోందనుకున్నట్టు.

హైదరాబాదులో ఉన్న మిత్రుడొకడు ఇదంతా విని తనకీ ఒకటి కావాలన్నాడు. అక్కడ సంగతి వేరు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఉడుము, ఊసరవెల్లి లాంటివి ఇంట్లో పెట్టుకుంటే నేరం. శేషాచలం కొండల్లోని బంగారు బల్లిని గాజుపెట్టెలో ఊహించుకోవడం కూడా వద్దు. విదేశీ జాతుల్లో అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నవాటిని 2022 సవరణ, 2024 నియమాల ప్రకారం పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. "పెట్టె కన్నా ముందు కాగితాలు చూసుకోరా" అన్నాను. ట్యూబ్‌లైటు దగ్గరున్నదాన్నే చూసుకుంటాలే అన్నాడు.

మా అమ్మాయి మళ్ళీ మాట కలిపాక మొదట అడిగింది "ఇంకోటి కొందామా నాన్నా" అని కాదు, "ఈసారి పెట్టె ఎవరు చూస్తారు?" అని. ఇద్దరం కలిసి చూశాం. 18 అంగుళాల చదరం, 24 అంగుళాల ఎత్తు, ముందు వైపు తలుపు, పైన జల్లెడ. నిలువుగా, అడ్డంగా కొమ్మలు, మూడు వైపులా లోపల కార్క్ బెరడు. గాజుని సగానికి పైగా కప్పేశాం, మాకు లోపల సరిగ్గా కనిపించదు. దీపం పై కొమ్మకి తొమ్మిది అంగుళాల దూరంలో ఉంది. కిరణాలు కొలిచే మీటరు ఒకటి కొన్నాను, అది పెట్టె కన్నా ఖరీదు. మా ఆవిడ ఏమందో రాయను.

రెండు వారాలైంది, లోపల ఇంకా ఎవరూ లేరు. టెస్టింగ్ నడుస్తోంది. అమ్మాయి బడికి వెళ్ళే ముందు, వచ్చాక, పడుకునే ముందు మూడుసార్లు థర్మామీటర్లు చూసి నోటుబుక్కులో రాస్తోంది. నిన్న సాయంత్రం లెక్క: పై కొమ్మ 31, మధ్య కొమ్మ 27, కింద బెరడు వెనక 24. పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్న కూడా రాసుకుంది, రాత్రికి దీపం తీసేస్తే ఎంతవుతుంది అని.